పనిముట్ల గ్రంథాలయము

1999వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున, ఆలేరు సమీపమునందలి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశమను చేనేత యువకుడు, బ్రతుకుతెరువునకై హైదరాబాదు చేరి, బాలానగరు పారిశ్రామికవాడలో ఒక కర్మాగారమున పని చేయుచుండగా, అచట తిరుగుచున్న ఒకానొక యంత్రభాగముయొక్క కదలిక ఆతని కంటబడెను. తాను ఏడేండ్లుగా వెదకుచున్న సమాధానము ఆ కదలికలోనే యున్నదని ఆతడు గుర్తించెను. ఆనాటి పని మాని, వేరొక పనిశాలకు పోయి, ఆ సూత్రమును ఆధారముగా గొని తనకు కావలసిన పరికరమును చేసికొని, దానిని ఊరికి గొనిపోయి, అసంపూర్ణముగా నిలిచియున్న తన యంత్రమునకు బిగించెను. యంత్రము నడచెను.

ఆ యంత్రము చేయవలసిన పని యెట్టిదో తెలియనిదే ఈ ఘట్టముయొక్క విలువ తెలియదు. పోచంపల్లి తరహా చీరలలో నూలునకు నేతకు ముందే చిటికి కట్టి, అనగా పోగులను అక్కడక్కడ బిగించి కట్టి, రంగులద్దుదురు. చిటికి కట్టుటకు వీలుగా పోగులను వరుసలుగా అమర్చుటయే ఆసు పోయుట. అర్ధచంద్రాకారముగా నాటిన చీలల వరుసకును, దాని కెదురుగా నున్న ఒంటి చీలకును నడుమ దారమును చుట్టుచు, ఇంటి యాడుది తన చేతిని మీటరు దూరము ముందునకును వెనుకకును ఆడింపవలెను. ఒక్క చీరకు ఈ కదలిక దాదాపు 9,000 సారులు. పట్టు కాలము నాలుగైదు గంటలు. దినమునకు రెండు చీరలకు ఆసు పోసిన స్త్రీ చేయి 18,000 సారులు ఆడవలెను. భుజములును మోచేతులును నొచ్చి తల్లి లక్ష్మి పడుచున్న బాధను చూచి, బడిచదువు నడుమనే ఆగిపోయిన ఆ యువకుడు 1992లో ఈ ప్రయత్నమునకు పూనుకొనెను. తల్లి పేరిట లక్ష్మీ ఆసు యంత్రమని ఆతడు పిలిచిన ఆ సాధనము ఆ పనిని ఒకటిన్నర గంటలో ముగించును. 2017లో భారత ప్రభుత్వము ఆతనికి పద్మశ్రీ పురస్కారము నొసగెను.

ఈ చరిత్రను వినువారు ఆతని పట్టుదలను కొనియాడుదురు, అది కొనియాడదగినదే. కాని విజ్ఞానదృష్టి కలవారు మరియొక ప్రశ్నను గూడ వేసికొనవలెను: ఆనాడు ఆ యంత్రభాగము ఆతని కంటబడకున్నచో ఏమి జరిగియుండెడిది? సమస్యను లోతుగా నెరిగిన బుద్ధి ఒకచోటను, దానిని పరిష్కరింపగల యంత్రసూత్రము మరియొకచోటను ఉండగా, ఆ రెంటికిని కలయిక కేవలము యాదృచ్ఛికముగా ఘటిల్లినది. అట్టి యాదృచ్ఛిక సమాగమమును నిత్యలభ్యముగా జేయుటకు, అనగా పనిముట్లు, పదార్థములు, పని తెలిసినవారు, ప్రశ్న కలవారు ఒకే కప్పు క్రింద కలిసికొనునట్లు చేయుటకు, ఏర్పడిన సంస్థకే నేడు లోకమంతట మేకర్‌స్పేస్ అని వ్యవహారము. అచట రుసుము చెల్లించిన యే పౌరుడైనను, విద్యార్హతల ప్రసక్తి లేక, శిక్షణ పొంది, ఉమ్మడి పరికరములతో తన వస్తువును తానే చేసికొనవచ్చును.

ఇట్టి సంస్థలకు ఆధునిక కాలమున ప్రేరణ నిచ్చినవారిలో అమెరికాయందలి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన ఆచార్య నీల్ గెర్షెన్‌ఫెల్డ్ ముఖ్యుడు. 1998లో ఆయన దాదాపు ఏ వస్తువునైనను చేయుట యెట్లో నేర్పు ఒక పాఠ్యక్రమమును ఆరంభింపగా, పరిశోధకులే గాక, కళాకారులును శిల్పులును ఆ తరగతికి గుమిగూడిరి. ఆ యనుభవమునుండి ఫ్యాబ్ ల్యాబ్ అను సామాజిక ప్రయోగశాలల పరంపర పుట్టినది. ఆ పరంపరలో మొట్టమొదటివాటిలో నొకటి మన దేశమున, పూనా సమీపమునందలి పాబల్ గ్రామమున వెలసిన దనుట మనము గుర్తుంచుకొనదగిన విషయము. 1983లో డాక్టర్ ఎస్. ఎస్. కల్బాగ్ స్థాపించిన విజ్ఞాన ఆశ్రమమే, 2002 ప్రాంతమున దానికి ఆశ్రయమైనది. బడి మానిన గ్రామీణ యువకులకు చేతిపని ద్వారమున శాస్త్రమును బోధించు ఆ ఆశ్రమమునకు ఈ భావము క్రొత్తదియు కాదు, పరాయిదియు కాదు.

మన హైదరాబాదు నగరమున రాయదుర్గమునందు 2023 మార్చి 2వ తేదీన ప్రారంభమైన టీ-వర్క్స్ ఈ కోవకు చెందిన బృహత్సంస్థ. 78,000 చదరపు అడుగుల వైశాల్యమున, లోహమును చెక్కు యంత్రములు మొదలు విద్యుత్పలకలను కూర్చు సాధనముల వరకు నమూనా నిర్మాణమునకు కావలసిన సమస్తము అచట కూర్పబడినది. మన పేటయైన అల్వాల్‌కు సమీపముననే, సికిందరాబాదు వాయుపురిలో, విశ్రాంత సైన్యాధికారి బ్రిగేడియర్ పి. గణేశము నాయకత్వమున 2005లో మొదలైన పల్లె సృజన సంస్థ, శోధయాత్రల పేరిట గ్రామములను కాలినడకన చుట్టి, మల్లేశము వంటి ప్రతిభావంతులను వెదకి వెలికిదెచ్చుచున్నది. ఒకటి భవనము, మరియొకటి పాదయాత్ర. రెంటి లక్ష్యము ఒక్కటే.

ఇట్టి శాలలలో నిజముగా జరుగునదేమి? యంత్రముల పేర్లు వల్లించినందున ఈ ప్రశ్నకు సమాధానము లభింపదు. ఒక పనిని మొదటినుండి తుదివరకు అనుసరించి చూతము. అల్వాల్‌లో నే వీధికి పోయినను ప్రతి డాబాపైనను ఒక నల్లని నీళ్ల ట్యాంకు కనబడును. క్రింద సంపునుండి మోటారు వేసి, ఆపుట మరచిన గృహస్థుల ట్యాంకులు పొంగి గోడల వెంబడి నీరు కారుట నిత్యదృశ్యము. ట్యాంకులో నీరెంత యున్నదో ఇంటిలోనే తెలిపి, నిండగానే కూతబెట్టు సాధనమును నిర్మించుట, ప్రారంభదశ కార్యశాలలలో పిల్లలకును పెద్దలకును నేర్పదగిన పని. ఈ చిన్న సాధనమున భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, యంత్రశాస్త్రము మూడును ఇమిడియున్నవి.

మొదటి దశలో రెండు రాగితీగెలు, ఒక ట్రాన్సిస్టరు, ఒక బజరు, ఒక బ్యాటరీ చాలును. నీటియందు కరిగియున్న లవణముల వలన అది విద్యుత్తును కొంత ప్రసరింపజేయును; నీటిమట్టము పెరిగి తీగెల కొనలను తాకగానే సూక్ష్మమైన విద్యుత్ప్రవాహము ట్రాన్సిస్టరు పీఠమును చేరును; ఆ ట్రాన్సిస్టరు దానికి నూరు రెట్లకు మించిన ప్రవాహమును బజరుగుండ వదలును. ఈ భాగములను అతుకుటకు వాడు టంకముననే ఒక చక్కని రసాయన పాఠమున్నది. తగరము 232 డిగ్రీల సెల్సియస్ వద్దను, సీసము 327 డిగ్రీల వద్దను కరగును. కాని 63 పాళ్ల తగరమును 37 పాళ్ల సీసమును కలిపిన మిశ్రమము ఆ రెంటికంటెను తక్కువగా 183 డిగ్రీల వద్దనే కరగును. పైన్ వృక్షముల జిగురునుండి తీసిన ఫ్లక్స్ రాగిమీది చిలుమును తొలగించినగాని టంకము లోహమునకు అంటుకొనదు. అతుకు చక్కగా కుదిరినప్పుడు టంకము నున్నగా మెరయుచు తీగె చుట్టు ఏటవాలుగా పాకును. కుదరనప్పుడు ఉండగట్టి విడిగా నిలుచును. ఈ భేదమును పుస్తకమున నెన్ని సారులు చదివినను తెలియదు; కాచిన కొనను రెండు క్షణములు అతుకుపై నిలిపి చూచిన బాలునకు ఒక్క మారుతో తెలియును.

ఇంతలో రెండవ పాఠము తానై వచ్చును. కొన్ని వారములు గడచుసరికి, బ్యాటరీ ధనధ్రువమునకు కలిపిన రాగితీగె ఆకుపచ్చబారి, క్రమముగా తరిగిపోవును. ఒకే దిశలో ప్రవహించు విద్యుత్తు ఆ తీగెనుండి రాగి పరమాణువులను అయానులుగా మార్చి నీటిలోనికి లాగుచున్నదన్న మాట. పాఠ్యపుస్తకమున విద్యుద్విశ్లేషణమను శీర్షిక క్రింద పరీక్షకొరకు చదివిన విషయము ఇచట తన యింటి ట్యాంకులో జరిగిన నష్టముగా సాక్షాత్కరించును. దీనికి నివారణోపాయములు పెక్కు కలవు: తుప్పుపట్టని ఉక్కుకడ్డీలను వాడవచ్చును, విద్యుత్తును ఎల్లవేళల గాక క్షణకాలము మాత్రము పంపవచ్చును, లేదా నీటిని తాకకయే కొలుచు మార్గమును వెదకవచ్చును.

ఆ మూడవ మార్గమే శబ్దము. సెకనుకు 40,000 సారులు కంపించు ధ్వనితరంగములను ఉత్పత్తి చేయు చిన్న సెన్సారును ట్యాంకు మూతక్రింద అమర్చినచో, మానవశ్రవణమునకు అందని ఆ ధ్వని క్రిందికి పోయి, నీటి యుపరితలమున ప్రతిఫలించి మరలి వచ్చును. పోయివచ్చిన కాలమును ఆర్డుయినో అను మైక్రోకంట్రోలరు పలక లెక్కించును. ఇటలీయందలి ఇవ్రియా పట్టణమున 2005లో విద్యార్థుల సౌకర్యార్థము రూపొందిన ఈ పలక నిర్మాణపటములను దాని కర్తలు అందరికిని విడిచిపెట్టినందుననే, నేడది కోఠీ గుజరాతీ గల్లీయందలి అంగళ్లలో సైతము సులభముగా లభించుచున్నది. 20 డిగ్రీల ఉష్ణమున గాలిలో శబ్దవేగము సెకనుకు సుమారు 343 మీటర్లు. కావున నీరు ఒక మీటరు దిగువన ఉన్నప్పుడు ధ్వని పోయివచ్చుటకు పట్టుకాలము సెకనులో వేయింట 5.8 పాళ్లు మాత్రమే.

శీతకాలమున చేసి సరిచూచుకొన్న సాధనము వేసవిలో తప్పు చెప్పనారంభించును. వేడిమి ఒక డిగ్రీ పెరిగినకొలది శబ్దవేగము సెకనుకు సుమారు 0.6 మీటరు చొప్పున పెరుగును. మే మాసమున 42 డిగ్రీల యెండలో అది దాదాపు 357 మీటర్లగును. ధ్వని త్వరగా మరలి వచ్చుటచే, మీటరు దిగువన ఉన్న నీరు 96 సెంటీమీటర్ల దూరముననే యున్నట్లు సాధనము భ్రమపడును. నీరు ఉన్నదానికంటె నాలుగు సెంటీమీటర్లు ఎక్కువగా కనబడును. ఈ దోషమును కనిపెట్టి, ఉష్ణమాపకమును జతపరచి, కాలగణనలో ఆ మేరకు దిద్దుబాటు చేయుట నేర్చిన బాలిక గ్రహించినది కేవలము ఒక సూత్రము గాదు. కొలత యనునది యెల్లప్పుడు పరిస్థితిసాపేక్షమనియు, సాధనము పలికినదెల్ల సత్యము గాదనియు గ్రహించినది. శాస్త్రీయదృష్టికి ఇదియే ప్రథమ సోపానము.

సెన్సారును మూతకు పట్టియుంచుటకు ఒక చట్రము కావలెను. దుకాణమున సరియైనది దొరకదు. ఏలయన ప్రతి ట్యాంకు మూతయు వేరు. ఇచట త్రీడీ ప్రింటరు అక్కరకు వచ్చును. మిల్లీమీటరున్నర పైచిలుకు మందముగల ప్లాస్టిక్ తీగెను సుమారు 200 డిగ్రీలకు కాచి, 0.4 మిల్లీమీటరు రంధ్రముగుండ, జంతికల గొట్టమునుండి పిండి వచ్చునట్లు, సన్నని ధారగా వెలువరించుచు, ఆ యంత్రము 0.2 మిల్లీమీటరు మందముగల పొరలను ఒకదానిపై నొకటి పేర్చును. నాలుగు సెంటీమీటర్ల యెత్తుగల చట్రమునకు 200 పొరలు పట్టును. రంధ్రమును కదలించు మోటారు ఒక్క చుట్టునకు 200 అడుగులు వేయును. ఒక్కొక్క యడుగును విద్యున్నియంత్రణచే 16 భాగములుగా విభజించినచో 3,200 సూక్ష్మపదములగును. ఒక చుట్టునకు పట్టీ 40 మిల్లీమీటర్లు కదలునట్లమర్చినచో, మిల్లీమీటరునకు 80 పదములు లభించును. ఇంతటి సూక్ష్మత సామాన్యునకు అందుబాటులోనికి వచ్చుటకు కారణములు రెండు: ఈ పద్ధతిపై అమెరికాయందు స్కాట్ క్రంప్ పొందిన మూల పేటెంటు గడువు 2009లో ముగియుట, తన భాగములను తానే ముద్రించుకొనగల యంత్రముయొక్క నిర్మాణరహస్యమును అందరికిని పంచుటకై ఇంగ్లండునందలి బాత్ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు ఏడ్రియన్ బౌయర్ 2005లో రెప్‌ర్యాప్ ఉద్యమము నారంభించుట.

అయితే ముద్రించిన చట్రమును డాబాపై నిలిపిన పిదప ఎండయే పరీక్షాధికారి యగును. మొక్కజొన్న పిండిపదార్థము మున్నగువానినుండి చేయబడు పీఎల్ఏ అను ప్లాస్టిక్ ముద్రణకు సులభమైనదే గాని, 60 డిగ్రీల సమీపమున మెత్తబడును. నడివేసవి మధ్యాహ్నమున నల్లని ట్యాంకు మూత ఆ వేడిమిని అందుకొనుట యసాధ్యము కాదు. చట్రము వంగి, సెన్సారు ఒరిగి, ధ్వని ట్యాంకు గోడను తాకి మరలి వచ్చును. అప్పుడు 80 డిగ్రీల వరకు నిలుచు పీఈటీజీయో, 100 డిగ్రీల వరకు నిలుచు ఏబీఎస్సో ఎంచుకొనవలెను. పొరలకు అడ్డముగా లాగినచో ముద్రితవస్తువు సులభముగా విరుగుననియు, కావున బలము పడు దిశను బట్టియే దానిని యంత్రముపై పడుకొనబెట్టవలయుననియు గూడ అనుభవమే నేర్పును. వడ్రంగి చెక్కపేళ్ల పోకడను చూచి రంపము పెట్టుటయు, ఈ వివేకమును ఒక్కటియే.

ఇక పలకను వాననుండి కాపాడుటకు మూడు మిల్లీమీటర్ల ఆక్రిలిక్ రేకుతో ఒక పెట్టె. దానిని కోయునది కార్బన్ డయాక్సైడ్ లేజరు. ఈ లేజరును 1964లో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలో కనుగొన్నవాడు, మహారాష్ట్రమునందలి బారామతిలో జన్మించి, పూనాలో ఇంజనీరింగు చదివిన కుమార్ పటేల్. ఆ కిరణముయొక్క తరంగదైర్ఘ్యము 10.6 మైక్రోమీటర్లు, కంటికి కనబడు వెలుగు తరంగదైర్ఘ్యమునకు పదునైదు రెట్లకు మించినది. మన కంటికి పారదర్శకమైన ఆక్రిలిక్ ఈ యదృశ్యకిరణమునకు పారదర్శకము కాదు. దానిని పూర్తిగా గ్రహించి, కాగి, ఆవిరియై పోవును. కిరణము పోయినచోట పదియింట రెండు పాళ్ల మిల్లీమీటరు పదార్థము మాయమగును గనుక, ఆ మేరకు ముందే కొలత పెంచుకొనని పెట్టె అంచులు వదులై ఊగును. ఇదే యంత్రమున పీవీసీ రేకును ఎన్నడును పెట్టరాదు. కాలినప్పుడు వెలువడు హైడ్రోజన్ క్లోరైడు ఊపిరితిత్తులను, యంత్రమును గూడ చెరచును. అందుచేతనే శ్రద్ధగల శాలలలో శిక్షణ పూర్తిచేయని వారిని ఏ యంత్రము దరికిని పోనీయరు. కన్నులకు రక్షణ, పొగకు మార్గము, తీసిన పనిముట్టును తీసినచోట నుంచుట యను మూడు నియమములే మొదటి పాఠమగును.

నూరేండ్లకు పూర్వము మన పెద్దలు ఇట్టి సమస్యనే వేరొక రంగమున ఎదుర్కొనిరి. పుస్తకము కొనలేని వానికి జ్ఞానము దక్కుటెట్లు? దానికి సమాధానముగా హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1906లో విజ్ఞానచంద్రికా మండలి పుట్టి శాస్త్రగ్రంథములను తెనుగున ప్రకటించెను. పిమ్మట గ్రంథాలయము ఊరూరి సొత్తు అయ్యెను. ఒక్కని చేతికి అందని వస్తువును పదిమంది సమష్టిగా నుంచుకొని, వంతులవారీగా వాడుకొనుటయే ఆ యుద్యమముయొక్క తత్త్వము. పుస్తకమునకు చెల్లిన ఈ తత్త్వము పనిముట్టునకు చెల్లకపోవుటకు కారణము లేదు. లేజరు యంత్రమును కొనగల కుటుంబములు అరుదు. ఏడాదిలో రెండు దినములకంటె దాని యవసరము కలుగు కుటుంబములు అంతకంటెను అరుదు.

ఈ సిద్ధాంతమునకు నిదర్శనము 2020 నాటి మహమ్మారి కాలమున లభించెను. కర్మాగారములు మూతపడి, వైద్యసిబ్బందికి ముఖకవచములు దొరకని వేళ, బొంబాయి నగరమున 2013లో నెలకొన్న మేకర్స్ అసైలం ఒక నమూనాను రూపొందించి దేశమంతట పంచగా, పెక్కు పట్టణములందలి చిన్న చిన్న పనిశాలలు దానిని అనుసరించి కవచములు చేసి, 10 లక్షల లెక్కను చేర్చినవి. వస్తువు ప్రయాణింపలేదు, దాని పటము మాత్రమే ప్రయాణించెను, చేయుట ప్రతి యూరనే జరిగెను. ఊరికొక పనిశాల యుండుట వినోదము గాదు, ఆపత్కాలమున రక్షణ యని ఆనాడు రుజువైనది.

అట్లయినచో అల్వాల్ వంటి పేటకు ఏమి కావలెను? రాయదుర్గపు బృహద్భవనము నగరమునకు ఆ చివరను గలదు. పాఠశాల విడిచిన పిల్లవాడు సాయంకాలము అంతదూరము పోయి రాలేడు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకము క్రింద కేంద్రప్రభుత్వము ఒక్కొక్క పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు ఇచ్చి, దేశమున 10,000 శాలలను నెలకొల్పినది. ఆరవ తరగతినుండి పన్నెండవ తరగతి వరకు చదువువారికి అది వరమే. కాని చదువు ముగిసినవారికి, బడి మానినవారికి, కుట్టుమిషను బాగుచేసికొనగోరు గృహిణికి ఆ తలుపు తెరచుకొనదు. సాయంకాలమున తాళము పడు ఆ గదిని వారమునకు రెండు పూటలు పేటవారికి తెరచుటయే మొదటి మెట్టు కావచ్చును.

గురువులకు కొరత యుండదు. సికిందరాబాదు పరిసరములు పనిముట్టు తెలిసిన నేల: లాలాగూడ రైల్వే కర్మశాల 1893 నాటిది, ప్రాగా టూల్స్ 1943లో పుట్టినది, బాలానగరున కేంద్ర పరికరరూపకల్పన సంస్థ 1968 నుండి శిక్షణ నిచ్చుచున్నది. ఆ శాలలందును సైనిక కర్మాగారములందును జీవితకాలము పనిచేసి, లేతుయంత్రముపై వెండ్రుక మందమును చేతితో గుర్తింపగలిగి, నేడు విశ్రాంతిలో ఉన్న పెద్దలు బొల్లారమునుండి లోతుకుంట వరకు ప్రతి వీధిలోను కలరు. వారి నేర్పు గ్రంథములలో వ్రాయబడలేదు. పిలిచి, కుర్చీ వేసి, ప్రక్కనొక పిల్లవానిని నిలిపినగాని అది మరియొక తరమునకు దాటదు. నాలుగు బల్లలు, పది టంకపు కడ్డీలు, ఒక ప్రింటరు, రాణీగంజున దొరకు సామాన్యపు పనిముట్లు, ఆ పెద్దలలో వంతులవారీగా వచ్చు కొందరు: ఇంతతో ఆరంభింపవచ్చును. లేజరు యంత్రము తరువాత రావచ్చును. పురపాలకులు ఒక గదిని, కాలనీ సంఘములు ఒక సంవత్సరపు విద్యుత్తు ఖర్చును భరించినచో మిగిలినది సభ్యుల రుసుముతో నడచును. గ్రంథాలయమునకై పన్ను కట్టుటకు అంగీకరించిన సమాజము పనిశాలకై ఇంతమాత్రము చేయుట కర్తవ్యమనియే నా దృఢవిశ్వాసము.